బీరువా పట్టని గది

"మీ ఆయన ఎంత డబ్బు పట్టుకెళ్ళాడు?"

"మొత్తం, మేడం."

ఇన్‌స్పెక్టర్ ఆ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మూడుసార్లూ ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వచ్చేసింది. మిగతా ప్రశ్నలకి ఆ అమ్మాయి తడుముకుంటూ, ముక్కు చీదుకుంటూ, మధ్యలో ఎక్కడో ఆగిపోతూ చెప్పింది. ఈ ఒక్కదానికి మాత్రం బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెబుతోంది.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి కుడికాలు బల్ల కింద బారజాపింది. మోకాలు సలుపుతోంది. నిన్న పొద్దున వేసుకున్న యూనిఫాం ఇంకా ఒంటి మీదే ఉంది. స్టేషన్లో కుర్రాళ్ళు వెనకాల ఆవిణ్ణి 'అత్తగారు' అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. రిటైరయ్యేలోగా ఒక్కసారైనా ఆ పేరుకి తగ్గట్టు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, అందరి మీదా పెత్తనం చెయ్యాలని ఉంది. కుదరడం లేదు.

ఎదురుగా కూర్చున్నది ఒక మందుల షాపులో క్యాషియరు. భర్త లిఫ్ట్ మెకానిక్. శుక్రవారం పొద్దున ఫ్లాటుకి అడ్వాన్సు కట్టొస్తానని వెళ్ళినవాడి జాడ సోమవారం వచ్చినా లేదు.

"మళ్ళీ ఒకసారి చెప్పమ్మా. ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాడు?"

"తొమ్మిదింటికి. పదవుతుండగా ఫోన్ చేశారు. ఓనరు గారింట్లో కూర్చున్నాను, బ్రోకరు ఇంకా రాలేదు అన్నారు. మధ్యాహ్నం నా భోజనం టైములో చేస్తే స్విచ్చాఫ్."

"చెక్కు రాసివ్వచ్చుగా? నగదెందుకు?"

"నగదైతే ధర కొంచెం తగ్గిస్తారని బ్రోకరన్నాడు మేడం. ఆ తగ్గిందాంతో వంటింట్లో గట్టు వేయించుకోవచ్చు అనుకున్నాం."

ఇన్‌స్పెక్టర్ పెన్ను పక్కన పెట్టేసింది. బెదిరిస్తే ఈ పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది.

"ఎన్నాళ్ళు దాచారమ్మా?"

అమ్మాయి తలెత్తింది. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబోలు.

"ఎనిమిదేళ్ళు. డాబా మీద ఒక్క గది మాది. బాత్రూం కింద, నాలుగు కుటుంబాలకీ ఒకటే. ఆయనకి పైన దవడ పన్ను పుచ్చిపోయింది. పీకించుకోవడానికి తప్ప కట్టించుకోవడానికి ఒప్పుకోలేదు. ఒకవైపే నములుతారు. నా జుట్టు నేనే కత్తిరించుకుంటాను. చూడండి, ఎలా ఉందో." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "పిల్లలు కూడా ఇల్లయ్యాకే అనుకున్నాం మేడం. మా అత్తగారు మొదట్లో అడిగేవారు. ఇప్పుడు అడగడం మానేశారు."

ఇన్‌స్పెక్టర్ మంచినీళ్ళ గ్లాసు ఆ అమ్మాయి వైపు జరిపింది.

"ప్రతి ఆదివారం వెళ్ళి ఆ ఫ్లాటు చూసొచ్చేవాళ్ళం. ఇంకోళ్ళయితే విసుక్కుందురు. ఓనరు గారు మాత్రం తాళం చేతికిచ్చి, కూర్చోండి తల్లీ, మీ ఇల్లే అనేవారు. మేం ఖాళీ గదుల్లో కింద కూర్చుని, మంచం ఎక్కడ, బల్ల ఎక్కడ అని పోట్లాడుకునేవాళ్ళం. పడగ్గదిలో తలుపు పక్కన గోడలోకి ఖాళీ ఉంది మేడం. అచ్చంగా బీరువా కోసమే వదిలినట్టుంటుంది. ఆ కొలతకి పాత బీరువా ఒకటి కొనేసి, కొన్న కొట్లోనే ఉంచాం."

"ఇల్లు రాకముందే బీరువానా?"

"ఆగలేకపోయాం మేడం."

ఈసారి నిజంగానే నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఇన్‌స్పెక్టర్ ఆ ఏడుపు తగ్గేదాకా ఆగి, నెమ్మదిగా అంది.

"ఎనిమిదేళ్ళు నోరు కట్టుకుని దాచినవాళ్ళు కాగితం మీద సంతకం పడకుండా మొత్తం తీసుకెళ్ళి ఒకడి చేతిలో పోస్తారా? నేనైతే పొయ్యను. నువ్వూ పోసే మనిషిలా లేవు."

గదిలో ఫ్యాను కిరకిరలాడింది. అమ్మాయి వేళ్ళు చేతిసంచీ పట్టీని మెలిపెట్టాయి.

"సగమే," అంది చివరికి. "అగ్రిమెంటు రాశాక మిగతా సగం ఇస్తామన్నాం. అది నా దగ్గరే ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీకు తెలిస్తే సాక్ష్యం అని పట్టుకుపోతారని... మా షాపు ఓనరన్నాడు, కోర్టుకెళ్ళిన డబ్బు మనవలు పుట్టాక గానీ చేతికి రాదని. నాకింకా పిల్లలే లేరు మేడం."

మందుల షాపువాడు చెప్పింది అబద్ధమేం కాదు. ఆ మాట ఇన్‌స్పెక్టర్ పైకి అనలేదు.

"సగం నీ దగ్గరుందని ఇంకెవరికి తెలుసు?"

"బ్రోకరుకీ, ఓనరు గారికీ. వాళ్ళతో ఒప్పుకున్న సంగతేగా."

"ఎక్కడ దాచావో నేనడగను. ఇంకెవరడిగినా చెప్పకు. ఇంటికెళ్ళి కాసేపు పడుకో. ఎవరైనా ఫోన్ చేస్తే ముందు నాకు చెప్పు. అర్థమైందా?"

అమ్మాయి తలూపింది. ఆ ఊపిన తీరు ఇన్‌స్పెక్టర్‌కి నచ్చలేదు. కానీ మనిషిని పట్టుకుని కుదిపే ఓపిక ఆవిడకి లేకపోయింది.

*

ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టుకి 'పనిచేయదు' అని అట్ట తగిలించారు. ఇన్‌స్పెక్టర్ రెయిలింగు పట్టుకుని మెట్లెక్కుతుంటే, వెనకాల హెడ్ కానిస్టేబుల్ ఆయాసపడుతూ వస్తున్నాడు. స్టేషన్లో అందరికీ ఆయన 'బాబాయ్'.

"లిఫ్టు బాగుచేసేవాడు తప్పిపోయిన కేసుకి మెట్లెక్కి చావాల్సొచ్చింది," అన్నాడు బాబాయ్.

"మాట్లాడకు బాబాయ్. ఊపిరి దాచుకో."

తలుపు బార్లా తీసుంది. హాల్లో స్పెషల్ టీం ఆఫీసరు నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. అతని చొక్కా మీద మడత ఎండకీ వానకీ చెదరదు. అందుకే డిపార్ట్‌మెంట్లో 'ఇస్త్రీ' అంటారు. ఎనిమిదేళ్ళ కిందట ఇన్‌స్పెక్టర్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆవిడ ఫైళ్ళు తీసుకుపోవడం అతని పని.

"మీరు శ్రమ పడక్కర్లేదు మేడం. ఇది పారిపోయిన కేసు. సాయంత్రానికి ఫైలు నాకు పంపించెయ్యండి."

"ఎవరు పారిపోయారు?"

"మీ మెకానిక్. ఎదుటి బిల్డింగు కెమెరాలో శుక్రవారం తొమ్మిదీ నలభైకి లోపలికొచ్చాడు. ముందు గేటు నుంచి బయటికి పోలేదు. వెనక గేటుకి కెమెరా లేదు. డబ్బు చేతిలో పడింది, బుద్ధి మారింది, వెనక నుంచి జారుకున్నాడు. చిన్న సంగతి."

"అది అతను దాచుకున్న డబ్బే. తన డబ్బు తనే ఎత్తుకుపోవడం ఏమిటి?"

"భార్య వాటా కూడా ఉందిగా. ఆ ఇంట్లోంచి బయటపడాలనుకున్నాడేమో. బ్రోకరు కూడా అదే అంటున్నాడు. మెకానిక్ అసలు డబ్బు పట్టుకుని రానే లేదని ఓనరు అతనికి చెప్పాడట."

"బ్రోకరు ఎక్కడ?"

"శుక్రవారం తెల్లారే ఊరెళ్ళాడు. మూడు రోజుల నుంచీ మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. ఏదడిగినా నిమిషంలో జవాబు. అంత సహకరించే సాక్షిని నేను చూడలేదు."

"అతని గొంతు విన్నావా?"

ఇస్త్రీ ఫోన్ మీంచి చూపు తీశాడు. "అక్కడ సిగ్నల్ సరిగా లేదంట. మెసేజ్ అయితే వెళ్తుందంట."

"సరే. ఆ కెమెరాలో బ్రోకరు కనపడ్డాడా?"

"ఊళ్ళోనే లేని మనిషి కోసం కెమెరాలో ఎందుకు వెతుకుతాం మేడం?"

"నీకు నేను నేర్పింది ఇదేనా?"

"మీరు నేర్పింది చాలా మర్చిపోయాను. అందుకే ప్రమోషనొచ్చింది."

బాబాయ్ కిటికీ వైపు తిరిగి గట్టిగా దగ్గాడు. ఇన్‌స్పెక్టర్‌కి కోపం కూడా రాలేదు. కోపానికీ కొంత ఓపిక కావాలి.

వంటింట్లోంచి ఓనరు వచ్చాడు. అరవై దాటినా మనిషి గట్టిగా ఉన్నాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. ఒకప్పుడు టైల్స్ షాపు నడిపేవాడు, ఇప్పుడు కింది అంతస్తులో ఒక్కడే ఉంటాడు.

"పాపం ఆ పిల్లని తల్చుకుంటే తిండి సయించడం లేదు తల్లీ," అన్నాడు. "మెకానిక్ ఆ రోజు వచ్చాడు, పది నిమిషాలు కూర్చున్నాడు. డబ్బు రేపు తెస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. నేను పట్టించుకోలేదు. ఇవాళ సాయంత్రం వేరేవాళ్ళు అడ్వాన్సుతో వస్తున్నారు. నేను మాత్రం ఎన్నాళ్ళని ఆగను?"

"మూడు రోజులు కూడా ఆగలేదుగా," అంది ఇన్‌స్పెక్టర్.

ఇల్లంతా కొత్త రంగు వాసన, దాని మీద ఫినాయిలు వాసన. రెండూ కలిసి కళ్ళు మండిస్తున్నాయి. ఆవిడ హాలు చూసింది, వంటిల్లు చూసింది, పడగ్గదిలోకి వెళ్ళి తలుపు దగ్గర ఆగిపోయింది.

తలుపు పక్కన గోడ చదునుగా ఉంది.

ఇటు చివర నుంచి అటు చివరి దాకా ఒకటే గోడ. ఒక్క మంచం, ఒక చిన్న బల్ల పడతాయి. బీరువా పెడితే తలుపు తెరుచుకోదు. ఆ మొగుడూ పెళ్ళాలు ఆదివారాలన్నీ ఇక్కడ కింద కూర్చుని కొలతలు చూసుకున్నారు. ఇల్లు రాకముందే బీరువా కొన్నవాళ్ళు కొలత తప్పరు.

"ఇక్కడ గోడలోకి ఖాళీ ఉండాలే?" అంది మామూలుగా.

"ఖాళీయా? లేదు తల్లీ. కట్టినప్పట్నుంచీ ఈ గది ఇంతే."

ఇన్‌స్పెక్టర్ మోకాలి మీద చెయ్యి వేసుకుని కష్టం మీద కిందికి వంగింది. గది చుట్టూ గోడల అడుగున జానెడెత్తు నల్లటి పట్టీ టైల్స్ అతికించి ఉన్నాయి. తలుపు పక్కకొచ్చేసరికి ఆ పట్టీ ఆగిపోయింది. నాలుగడుగుల తర్వాత మళ్ళీ మొదలైంది. మధ్యలో ఉత్త గోడ. నేల టైల్స్ కూడా మిగతా చోట్ల అంచు దగ్గర కుదురుగా ముగిశాయి. ఇక్కడ మాత్రం సగం టైలు గోడ కిందికి దూరిపోయి ఉంది.

వేలి కణుపుతో గోడ తట్టింది. అరచేయి ఆనించింది. మిగతా గోడ పొడిగా ఉంది. ఇక్కడ చల్లగా, చెమ్మగా తగిలింది.

"బాబాయ్, గునపం పట్రా. జీపులో సుత్తి కూడా ఉంటుంది."

"మేడం!" ఇస్త్రీ గది గుమ్మంలోకొచ్చాడు. "సెర్చి వారంటు లేకుండా ఒకరి ఇల్లు పగలగొడతారా? రేపు పైవాళ్ళు అడిగితే?"

"నా పేరు చెప్పు. ఇంకో ఏడు నెలల్లో ఇంటికి పోయేదాన్ని, నన్నేం చేస్తారు?"

"రంగేయించి రెండ్రోజులు కాలేదు తల్లీ," అన్నాడు ఓనరు. అతని మొహంలో ఏ మార్పూ లేదు. ఒక్క క్షణం గోడని చూసి, ఆవిణ్ణి చూసి నిట్టూర్చాడు. "సరే, మీ అనుమానం తీర్చుకోండి. నాదేం పోయింది. దుమ్ము రేగుతుంది, గొంతెండిపోతుంది. కిందికెళ్ళి మంచినీళ్ళు తెస్తానుండండి."

ఎంత మర్యాదగా అన్నాడంటే, ఇస్త్రీ ఆయనకి దారి ఇచ్చాడు.

*

పైపూత తేలిగ్గానే రాలింది. లోపల ఇటుకలు కొత్తవి. సిమెంటు పూర్తిగా గట్టిపడలేదు. అయినా బాబాయ్ వయసుకి ఆ పని ఎక్కువే. ఇస్త్రీ కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత మాట్లాడకుండా చొక్కా చేతులు పైకి మడిచి సుత్తి అందుకున్నాడు. అరగంట దాకా గదిలో దెబ్బల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఐదో ఇటుక ఊడగానే వాసన వచ్చింది. బాబాయ్ గునపం కింద పడేసి బాల్కనీలోకి పరిగెత్తాడు.

ఇన్‌స్పెక్టర్ కొంగు లేని యూనిఫాంని తిట్టుకుంటూ చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. టార్చి వేసింది. గూట్లో ఒక మగమనిషి కూర్చోబెట్టినట్టుగా ఉన్నాడు. తల ఒక పక్కకి వాలి ఉంది. మెడ చుట్టూ కరెంటు వైరు. ఆ పిల్ల మొహం కళ్ళ ముందు మెదిలింది. పుచ్చిన పన్ను, ఒకవైపు నమలడం. టార్చి మొహం మీదికి తిప్పడానికి చెయ్యి రాలేదు. తిప్పింది.

లావుపాటి మనిషి, బట్టతల. మెకానిక్ ఫోటో పొద్దుట్నుంచీ ఆవిడ బల్ల మీదే ఉంది. ఇతను కాదు.

"ఇతను..." ఇస్త్రీ ముందుకి వంగాడు. "ఇతను బ్రోకరు మేడం. లైసెన్సు మీద ఫోటో చూశాను."

"పోయి ఎన్నాళ్ళైందంటావు?"

"రెండు మూడు రోజులు..."

"నీకు చివరి మెసేజ్ ఎప్పుడు పెట్టాడు?"

ఇస్త్రీ చేతిలో సుత్తి కింద పెట్టాడు. దుమ్ము పట్టిన వేళ్ళతో ఫోన్ తీసి, ఏం చేస్తున్నాడో తనకే తెలియనట్టు ఆ నంబరు నొక్కాడు.

తర్వాత ఎక్కడో ఫోన్ మోగింది. సన్నగా, హుషారుగా ఉండే పాట. గోడలోంచి కాదు. తెరిచి ఉన్న బాల్కనీ తలుపు లోంచి, కింది అంతస్తు నుంచి.

బాల్కనీలోంచి బాబాయ్ కిందికి వేలు చూపించాడు.

"నీళ్ళు తెస్తానన్న మనిషేడీ?" అంది ఇన్‌స్పెక్టర్.

మోకాలి సంగతి మర్చిపోయి మెట్లు దిగింది. కింది ఫ్లాటు తలుపుకి తాళం. ఇస్త్రీ భుజంతో మూడుసార్లు గుద్దితే గొళ్ళెం ఊడింది. లోపల భోజనాల బల్ల మీద ట్రే ఉంది, ట్రేలో మూడు గ్లాసులు, మూడింట్లోనూ నీళ్ళు. పక్కనే బ్రోకరు ఫోను అటూ ఇటూ కదులుతూ ఇంకా మోగుతోంది. మనిషి లేడు. బాల్కనీలోంచి చూస్తే వెనక గేటు తీసి ఉంది, వచ్చేటప్పుడు దాని పక్కన నిలిపి ఉన్న స్కూటరు ఇప్పుడు లేదు.

"మెకానికే బ్రోకర్ని చంపి గోడ కట్టేసి ఉండచ్చుగా," అన్నాడు ఇస్త్రీ. తను చెప్పేది తనకే నమ్మకం లేనట్టు. "ఓనరు భయపడి..."

"తన నెత్తిమీద గదిలో ఇటుకలు పేర్చి, పూత పూసి, రంగు వేస్తుంటే ఓనరుకి వినపడలేదా? అక్కడ గూడే లేదని ఎందుకన్నాడు? చచ్చినవాడి ఫోను ఆయన బల్ల మీదికి ఎలా వచ్చింది?" ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఒకే ఇంటికి ఎంతమంది దగ్గర అడ్వాన్సు తీసుకున్నారో, ఓనరుకీ బ్రోకరుకీ వాటాల్లో ఎక్కడ చెడిందో తర్వాత తేలుద్దాం. మెకానిక్ బ్రోకరు కోసం ఎదురుచూస్తూ చూడకూడనిది చూశాడు. అది ఖాయం."

"అయితే అతన్ని కూడా..."

"చంపితే ఆ గూట్లో ఇద్దరుండేవాళ్ళు." అలా అంటూనే ఆవిడ ఆగిపోయింది. "ఎందుకు చంపలేదు?"

ఆ ప్రశ్నకి జవాబు పొద్దున తన ఎదురుగానే కూర్చుని చేతిసంచీ పట్టీ మెలిపెట్టింది. మిగతా సగం. దాని సంగతి ఓనరుకి తెలుసు. అది ఎక్కడ దాచారో చెప్పగలిగి, అతని చేతికి చిక్కినవాడు మెకానిక్ ఒక్కడే. చెప్పలేదు కాబట్టే బతికున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి ఆ అమ్మాయి నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక ఎత్తింది. వెనకాల లారీల హారన్లు.

"ఎక్కడున్నావమ్మా?"

"మేడం..." గొంతులో భయమూ సంతోషమూ కలగలిసి ఉన్నాయి. "ఆయన బతికే ఉన్నారు మేడం!"

"ఎవరు చెప్పారు?"

"నేనే విన్నాను. ఇంటికెళ్ళగానే ఫోనొచ్చింది. ఆయన గొంతే. ఫోన్లో ఒక్క మాట మాట్లాడనిచ్చారు. రావద్దు, రావద్దని ఒకటే అరుపు. రావద్దన్నారంటే బతికున్నారనేగా మేడం?"

"నువ్వు ఇంట్లో లేవా?"

"లేను. మీకు చెబితే ఆయన్ని చంపేస్తానన్నాడట ఆ బ్రోకరు. డబ్బంతా తెచ్చాను. నా ఒళ్ళోనే ఉంది."

"అమ్మా, నా మాట విను. వెంటనే వెనక్కి తిరుగు. అది ఎనిమిదేళ్ళ..."

"ఎనిమిదేళ్ళ డబ్బని నాకు తెలీదా మేడం?" ఆ అమ్మాయి మొదటిసారి గట్టిగా మాట్లాడింది. "ప్రతి నోటూ నాకు గుర్తే. అవి దాచింది ఇద్దరం ఉండటానికి. నేనొక్కదాన్నే ఆ ఇంట్లో ఏం చేసుకోను?"

ఇస్త్రీ అప్పటికే కంట్రోల్ రూముకి ఫోన్ చేసి ఆ నంబరు ఎక్కడుందో కనుక్కోమని అరుస్తున్నాడు.

"విను తల్లీ. బ్రోకరు చచ్చిపోయాడు. నీకు ఫోన్ చేసింది బ్రోకరు కాదు. ఎవరు రమ్మన్నారో చెప్పు. ఏ చోటుకి?"

"ఏంటి మేడం? సరిగ్గా వినపడట్లేదు. ఇక్కడ లారీలు..." మాటలు దూరమయ్యాయి. ఆటో ఆగిన చప్పుడు, చిల్లర ఇచ్చిన చప్పుడు. తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. ఈసారి గొంతులో కొండంత ధైర్యం. "మీరేం కంగారు పడకండి మేడం. నేనొక్కదాన్నే లేను. మధ్యలో ఉండి ఇదంతా మాట్లాడింది ఓనరు గారే. అదుగో, నాకోసం గుమ్మంలోనే నిలబడ్డారు."

"వద్దు! లోపలికి వెళ్ళకు! అమ్మా..."

"రా తల్లీ," అన్నాడు అవతల మెత్తటి గొంతు.

ఇనప షట్టరు గరగరా కిందికి దిగిన చప్పుడు వినిపించింది. ఫోన్ ఆగిపోయింది.